అన్నయ్య వంతు

ఆమెను అందరూ రూలక్క అనేవారు. మొదట్లో చాటుగా అనుకున్నారు, తర్వాత మొహం మీదే అన్నారు, చివరికి లీగు ఆఫీసులో ఆమె గది తలుపు తోసి "రూలక్కా, సంతకం" అని అడిగేదాకా వచ్చింది. ఆమెకు ఆ పేరు మీద కోపం లేదు. బళ్ళో డ్రిల్లు టీచరుగా తనకు పిల్లలు పెట్టిన పేర్లతో పోలిస్తే ఇది నయమే అనుకునేది.

ఆ పేరు రావడానికి కారణం డ్రాఫ్టు. మహిళల వాలీబాల్ లీగులో సీజను మొదలయ్యే ముందు ప్రతి ఏటా ఒక రోజు డ్రాఫ్టు జరిగేది. ఆడతామని ముందుకొచ్చిన కొత్త అమ్మాయిలందరికీ తలా ఒక నంబరు ఇస్తారు. క్లబ్బులు వంతులవారీగా ఒక్కో అమ్మాయిని ఎంచుకోవాలి. క్లబ్బు తరఫున ఒక్క మనిషే మైకు దగ్గరికి వచ్చి, ఇచ్చిన సమయం లోపల నంబరు చెప్పాలి. మైకులో పడిన మాటే మాట. అప్పటికే వేరే క్లబ్బు తీసుకున్న అమ్మాయిని గానీ, జాబితాలో ఆమోదం లేని నంబరును గానీ అడిగితే ఆ వంతు రౌండు చివరికి పోతుంది. అక్కడా తప్పు చెబితే ఆ రౌండులో ఆ క్లబ్బుకు ఇక ఎవరూ లేనట్టే. ఇదంతా సవ్యంగా జరుగుతోందా లేదా అని చూడటం, తప్పు జరిగితే ఎదుట ఉన్నది ఎవరైనా సరే చెక్క సుత్తితో బల్ల మీద ఒక దెబ్బ కొట్టి "వంతు పోయింది" అని చెప్పడం రూలక్క పని.

వినడానికి కటువుగా ఉంటుంది గానీ ఆ నియమం ఊరికే పుట్టలేదు. తొలి రోజుల్లో క్లబ్బులవాళ్ళు కావాలనే తప్పు నంబరు చెప్పి, "అయ్యో పొరపాటు" అంటూ వెనక్కి పోయి తీరిగ్గా మంతనాలాడి వచ్చేవారు. ఒక మేనేజరు తుమ్ము వల్ల నంబరు మారిపోయిందని వాదనకు దిగాడు. "తుమ్ముకు వేరే రూలు లేదండీ, కూర్చోండి" అంది రూలక్క. ఇంకొకాయన ఆత్రంలో తన కారు నంబరు చెప్పేశాడు. "ఆ అమ్మాయి ఏ పొజిషన్లో ఆడుతుందండీ?" అని ఆమె అడిగితే హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. అయినా వంతు పోయింది.

నవ్వు రాని సందర్భాలూ ఉండేవి. బస్సు డిపో ఉద్యోగులు తలా కాస్త వేసుకుని నడుపుకునే పచ్చ క్లబ్బు ఒకటుంది. దాని తరఫున ఒక పాత కండక్టరు వచ్చేవాడు. అందరూ ఆయన్ని డిపో ఆయన అనేవారు. ఒక ఏడాది ఆయన, కాగితాలు ఇంకా ఆమోదం కాని అమ్మాయిని అడిగాడు. తెలియక అడిగాడని అందరికీ తెలుసు. సుత్తి పడింది. వాళ్ళు ఎంతో ఆశపెట్టుకున్న ఇంకో అమ్మాయిని ఈలోగా వేరే క్లబ్బు ఎగరేసుకుపోయింది. డిపో ఆయన బల్ల దగ్గరికి వచ్చి, "మాలాంటి వాళ్ళ మీదే పడుతుందమ్మా మీ సుత్తి" అని వెళ్ళిపోయాడు. ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

లీగులో నీలం క్లబ్బు కోచ్ ఆమె సొంత అన్నయ్య. ఆ సంగతి దాచిందేమీ కాదు, అందరికీ తెలిసిందే. నాన్న చిన్నప్పుడే పోతే ఆమెకు తండ్రి అయినా ఆటగురువు అయినా అన్నయ్యే. సందులో ఈ గోడ నుంచి ఆ గోడకు బట్టలారేసే తాడు కట్టి, ఇటుక ముక్కతో గీతలు గీసి ఆమెకు వాలీబాల్ నేర్పాడు. అప్పుడు ఆమె అతని మోచేతి ఎత్తు కూడా లేదు. బుడ్డీ అని పిలిచేవాడు. బంతి మన చేతికి తగిలి బయటికి పోతే, ఎవరూ చూడకపోయినా, "నాకు తగిలింది" అని మనమే ముందు చెప్పాలి. అది అతని మొదటి పాఠం. ఒకసారి ఆమె చెప్పకుండా ఊరుకుంది. అతను తిట్టలేదు. బంతిని ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాడు. మర్నాటి నుంచి ఆమె తగలనివి కూడా తగిలాయని చెప్పడం మొదలుపెట్టిందని అతను అందరికీ చెప్పి నవ్వేవాడు.

ఆమె డ్రాఫ్టు బాధ్యత తీసుకున్న ఏడాదే అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒక మాట అనుకున్నారు. డ్రాఫ్టు దగ్గర పడ్డాక రాకపోకలు బంద్. ఫోన్లు లేవు, భోజనాలు లేవు. ఆ రోజున హాల్లో ఆమె మేడమ్, అతను కోచ్ గారు. ఎవరూ వేలెత్తి చూపించకూడదు. ఏటా అలాగే జరిగింది. డ్రాఫ్టు ముగిసిన మరుసటి ఆదివారం ఆమె వాళ్ళింటికి వెళ్ళేది. ముగ్గురూ కూర్చుని ఎవరెవరు ఎలా బోర్లాపడ్డారో చెప్పుకుని కడుపుబ్బ నవ్వేవారు. వదినకు ఆటలో ఓనమాలు తెలియవు. అయినా అందరికంటే గట్టిగా నవ్వేది ఆమే.

ఒక ఏడు డ్రాఫ్టు దగ్గర పడుతుండగా వదిన బడికి ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఒకసారి ఇంటికొచ్చి పో. మీ అన్నయ్య గురించి మాట్లాడాలి."

"క్లబ్బు సంగతా వదినా?"

"క్లబ్బు సంగతీ ఉంది."

"అయితే ఇప్పుడొద్దు. డ్రాఫ్టు కానియ్యి. తర్వాత నేనే వస్తాగా."

అవతల కుక్కరు కూత వినిపించింది. "సరేలే" అని వదిన ఫోన్ పెట్టేసింది. క్లబ్బులో అన్నయ్య జీతం గురించో, కొత్త అమ్మాయి ఎవరి గురించో అయ్యుంటుందని రూలక్క అనుకుంది. వినకపోవడమే మంచిదనుకుంది.

డ్రాఫ్టు రోజున హాల్లో ఎప్పటిలాగే ఒక్కో క్లబ్బు బల్ల మీద ఒక్కో రంగు జెండా పెట్టారు. గోడ మీద పెద్ద తెర. తీసుకున్న అమ్మాయి నంబరు దాని మీద వెలిసిపోయి బూడిద రంగులోకి మారుతుంది. పైన గ్యాలరీలో అమ్మాయిలు, వాళ్ళ తల్లిదండ్రులు. ఏసీ చప్పుడు. అన్నయ్య ఇస్త్రీ చేసిన నీలం చొక్కాలో వచ్చాడు.

"నమస్కారం మేడమ్."

"నమస్కారం కోచ్ గారూ."

తన బల్ల ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు కొంచెంసేపు నిలబడ్డాడు. అసిస్టెంట్ కోచ్ వచ్చి మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. కళ్ళజోడు మార్చినట్టున్నాడు అనుకుంది ఆమె. ఇంకే రోజయినా అయితే దగ్గరికి పోయి అడిగేది.

మొదటి రౌండు సాఫీగా గడిచింది. రెండో రౌండులో నీలం క్లబ్బు ఎవరిని అడుగుతుందో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. ముప్పై నాలుగో నంబరు అమ్మాయి. తాటిచెట్టంత పొడుగు, కొట్టేవాళ్ళకు బంతి లేపి ఇచ్చే సెట్టరు. ఆమె చదివిన మారుమూల బడికి అన్నయ్య రెండేళ్ళుగా బస్సులు మారి వెళ్ళి వస్తున్నాడు. ఆ పిల్ల వేళ్ళు బంతిని తాకితే చప్పుడు రాదని లీగులో అందరితో చెప్పుకున్నాడు. ఆ పిల్ల కూడా వేరే క్లబ్బు పేరెత్తలేదు. గ్యాలరీ ముందు వరసలో వాళ్ళమ్మ పక్కన కూర్చుని ఉంది.

అన్నయ్య మైకు దగ్గరికి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు.

"నలభై మూడు."

తెర మీద నలభై మూడు అప్పటికే బూడిద రంగులో ఉంది. ఆ అమ్మాయిని మొదటి రౌండులో పసుపు క్లబ్బు తీసుకుంది. నీలం బల్ల దగ్గర టైల్స్ కంపెనీ యజమాని, క్లబ్బు ఆయనదే, లేచి నిలబడ్డాడు. "ముప్పై నాలుగండీ, ముప్పై నాలుగు. నోరు తడబడింది."

"మైకులో చెప్పిందే లెక్క" అంది రూలక్క.

పక్కన కూర్చున్న లీగు ప్రెసిడెంటు ఆమె వైపు వంగాడు. "తెలుస్తూనే ఉందిగా. మళ్ళీ ఒకసారి చెప్పించు. ఎవరూ ఏమనరు."

నిజమే, ఎవరూ ఏమీ అనరు. ఆమె హాల్లోకి చూసింది. ముందు బల్ల దగ్గర డిపో ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆ చూపులో కసి లేదు, ఎగతాళి లేదు. ఏం చేస్తుందా అని చూస్తున్నాడు, అంతే. ఆమె అన్నయ్య వైపు తిరిగింది. అతను మైకు దగ్గరే నిలబడి, టీచరు మార్కులు చెప్పేదాకా ఆగే పిల్లాడిలా, చిన్నగా నవ్వుతున్నాడు. కొట్టు, ఆలోచిస్తావేంటి అన్నట్టుగా ఆమెకు కనిపించింది ఆ నవ్వు.

సుత్తి కొట్టింది. "నీలం క్లబ్బు వంతు రౌండు చివరికి పోయింది."

ఆ రౌండులో ఇంకా రెండు క్లబ్బులు మిగిలాయి. మొదటిదానికి సెట్టరు అవసరం లేదు. వాళ్ళు ఇంకెవరినో తీసుకున్నారు. రెండోది పచ్చ క్లబ్బు. వాళ్ళకు సెట్టరు లేదు. డిపో ఆయన మైకు దగ్గరికి వచ్చి తెర వైపు, ఆ తర్వాత గ్యాలరీ వైపు చూశాడు. పొడుగు పిల్ల తల వంచుకుంది. ఆయన వేరే నంబరు చెప్పాడు. హాల్లో చిన్న కలకలం రేగింది. ఎవరో ఊపిరి వదిలారు.

మళ్ళీ అన్నయ్య వంతు వచ్చింది. ఈసారి అసిస్టెంట్ కోచ్ ఒక అట్టముక్క మీద ముప్పై నాలుగు అని పెద్ద అంకెలు వేసి చేతిలో పెట్టాడు. అన్నయ్య మైకు ముందు నిలబడి ఆ అట్ట వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. దాన్ని కొంచెం దూరంగా పెట్టుకున్నాడు, దగ్గరికి తెచ్చుకున్నాడు.

"నలభై మూడు" అన్నాడు.

వెనక ఎవరో ఫక్కున నవ్వి, సగంలో ఆపేశారు. అన్నయ్య ఆమె వైపు తిరిగాడు. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది.

"సరిగ్గానే చెప్పానా బుడ్డీ?"

అన్నేళ్ళలో ఆ హాల్లో అతను ఆమెను అలా పిలవలేదు. నోరు తడబడటం కాదు ఇది. ఆ అట్ట మీద ఉన్నవి అంకెలని కూడా అతనికి తెలియడం లేదు. ఎదురుగా ఉన్న మొహంలో భయం ఉంది. పొద్దున బల్ల కోసం వెతుక్కుంటూ నిలబడినప్పుడూ అదే భయం ఉందని ఆమెకు ఇప్పుడు తెలిసింది.

"నీలం క్లబ్బుకు ఈ రౌండులో ఎంపిక లేదు" అంది. సుత్తి కొట్టిందో లేదో తర్వాత గుర్తులేదు. కొట్టావనే అన్నారు.

మూడో రౌండు మొదటి వంతు ఎర్ర క్లబ్బుది. ఊరికి చాలా దూరాన ఉన్న క్లబ్బు. వాళ్ళు ముప్పై నాలుగు అని చెప్పి కూర్చున్నారు.

విరామంలో ఆమె వరండాలోకి వెళ్ళింది. మంచినీళ్ళ ఫిల్టరు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అన్నయ్య కూర్చున్నాడు. అట్టముక్క ఇంకా చేతిలోనే ఉంది.

"అందరూ అట్లా చూస్తున్నారేంటి?" అని అడిగాడు.

"ఏం లేదన్నయ్యా. నీళ్ళు తాగు."

డిపో ఆయన అటుగా వచ్చి ఆగాడు. "ఆ ఏడు మీరు నన్ను చిన్నచూపు చూశారనుకున్నానమ్మా. తప్పుగా అనుకున్నా" అన్నాడు. "ఆ పిల్లను మీరు తీసుకోవాల్సింది" అంది ఆమె. ఆయన గ్లాసు ఫిల్టరు కింద పెట్టి, "రెండేళ్ళు తిరిగాడు కదమ్మా మనిషి" అన్నాడు.

మిగతా రౌండ్లకు నీలం క్లబ్బు తరఫున మైకు దగ్గరికి వచ్చే మనిషిని మార్చుకోవచ్చని యజమానికి ఆమే చెప్పింది. నియమాల్లో అందుకు వీలుంది. తర్వాత చివరిదాకా బల్ల దగ్గరే కూర్చుని పని పూర్తిచేసింది.

అటునుంచి అటే అన్నయ్య ఇంటికి వెళ్ళింది. వదినకు అప్పటికే కబురు చేరింది. తలుపు తీసి పక్కకు తప్పుకుంది. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు సర్దుతూ, వెనక్కి తిరగకుండానే మాట్లాడింది.

"ఏడాది నుంచి చూస్తున్నా. పాల ప్యాకెట్టుకని పోయి పక్కవీధిలో నిలబడిపోయాడు. ఎవరో తీసుకొచ్చి దింపారు. పొరపాటన్నాడు. అంకెలు చదవలేకపోతున్నాడు, కళ్ళజోడన్నాడు. ఈ సీజను ఒక్కటీ అయితే మానేస్తానన్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. నీకు చెబుదామని ఫోన్ చేశా."

"వదినా."

"డ్రాఫ్టు కానియ్యి అన్నావు. అయిందిగా. ఇప్పుడు విను."

రూలక్క గడప దగ్గరే నిలబడిపోయింది.

"చెప్పుంటే ఏం చేసేదానివి?" అంది వదిన.

"మైకు దాకా పోనిచ్చేదాన్ని కాదు."

"నేను అడగాలనుకున్నది అదే. నిన్ను రూలు తప్పమనలేదు. మనిషిని ఒకసారి చూడమన్నా." అప్పుడు ఇటు తిరిగింది వదిన. ఏడవలేదు. ఏడుపు అంతకుముందే ఎప్పుడో అయిపోయినట్టుంది.

డాక్టరు తలకు స్కానింగు తీయించి, జబ్బు పేరు చెప్పాడు. రోజులు నెట్టుకురావడమే గానీ నయం చేసే మందు లేదన్నాడు. టైల్స్ కంపెనీ యజమాని మంచివాడే, సీజను అయ్యేదాకా జీతం ఆపలేదు. కానీ మైకు ముందు అన్నయ్య నిలబడిన వీడియో అప్పటికే ఫోన్లలో తిరుగుతోంది. వెనక ఎవరో నవ్విన నవ్వు దానిలో స్పష్టంగా వినిపించేది. బజార్లో ఒక కుర్రకారు గుంపు అన్నయ్యను చూసి "నలభై మూడు" అని అరిచింది. వదిన ఆ తర్వాత అతన్ని ఆ దారిన తీసుకెళ్ళలేదు.

లీగు వార్షిక సమావేశంలో ప్రెసిడెంటు రూలక్కను వేదిక మీదికి పిలిచాడు. "సొంత అన్నయ్యని కూడా చూడలేదు ఈవిడ. అదీ నిష్పక్షపాతం అంటే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చూడలేదు అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది. తర్వాత ఆయన ఏమన్నాడో వినలేదు. చప్పట్లు ఆగేదాకా నిలబడి, మెట్లు దిగి, నేరుగా బయటికి నడిచింది.

మరుసటి డ్రాఫ్టుకు కూడా ఆమే కూర్చుంది. ఒక మేనేజరు ఫోన్లో మాట్లాడుతూ వచ్చి తప్పు నంబరు చెప్పాడు. ఆమె సుత్తి ఎత్తి అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. కళ్ళు చూసింది, చేతులు చూసింది. అతనికి ఏ జబ్బూ లేదు. నిర్లక్ష్యం, అంతే. సమయం చూసే అమ్మాయి మోచేత్తో పొడిచాక గానీ కొట్టలేకపోయింది. ఆ సాయంత్రమే ఇక చేయనని చెప్పేసింది. నియమాన్ని కాస్త సడలిద్దామా అని ప్రెసిడెంటు అడిగాడు.

"నియమం బాగానే ఉంది. దాన్నేం చెయ్యకండి. మైకు దగ్గరికి ఒక్కణ్ణి పంపకండి, ఇద్దర్ని పంపండి" అంది. వాళ్ళు మార్చారో లేదో మళ్ళీ కనుక్కోలేదు.

బడి వదలగానే అన్నయ్య ఇంటికి వెళ్ళడం అలవాటైంది. మొదట్లో వదిన తలుపు తీసి, మాట్లాడకుండా లోపలికి పోయేది. రూలక్క అతనికి గడ్డం గీసేది, గోళ్ళు తీసేది, అన్నం కలిపి పెట్టేది. కొన్నాళ్ళకు వదిన ఒక తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. "తలుపు కొట్టకు, ఆయన ఉలిక్కిపడుతున్నాడు" అంది. ఆ తాళంచెవి తీసుకున్న రోజున రూలక్క ఇంటికి పోయేదాకా ఓర్చుకోలేక బస్టాపులోనే ఏడ్చింది.

ఒకసారి అతన్ని బడి మైదానానికి తీసుకెళ్ళింది. బంతి చూస్తే ఏమైనా మెదులుతుందేమోనని ఆశ. మెల్లగా విసిరింది. అతను చేతులు ఎత్తనే లేదు. బంతి ఛాతీకి తగిలింది. "ఎవరు కొట్టారు? ఎందుకు కొట్టారు?" అంటూ బెదిరిపోయి ఆమె చీరకొంగు పట్టుకున్నాడు. బంతిని సామాన్ల గదిలో పడేసి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రయత్నం చేయలేదు.

ఆ తర్వాతి ఏడాది సెలవుల్లో పొడుగు పిల్ల అన్నయ్యను చూడటానికి వచ్చింది. అప్పటికి ఎర్ర క్లబ్బులో మంచి పేరు తెచ్చుకుంది. తల వంచి గడప దాటి వచ్చి, అతని మంచం పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది. అతను ఎవరో పరాయి మనిషిని చూసినట్టు చూశాడు.

"ఆడతావా?" అని అడిగాడు.

"ఆడతా సార్."

"ఏం ఆడతావు?"

"సెట్టర్ని సార్."

అతను ఆ పిల్ల చెయ్యి అందుకుని వేళ్ళు ఒక్కోటీ తడిమి చూశాడు. "మా క్లబ్బుకి రా" అన్నాడు. "మంచి పిల్లలుంటారు. నేను చూసుకుంటా."

పొడుగు పిల్ల గోడ దగ్గర నిలబడ్డ రూలక్క వైపు చూసింది. "వస్తా సార్" అంది. "నేను మీ క్లబ్బుకే."

వీధి గుమ్మం దాకా సాగనంపుతూ రూలక్క, "ఆ రోజు నా మీద కోపం వచ్చి ఉంటుంది నీకు" అంది.

"వచ్చింది మేడమ్" అంది ఆ పిల్ల, దాపరికం లేకుండా. "మా అమ్మ ఇక్కడ, నేను అక్కడ. ఇప్పటికీ అప్పుడప్పుడూ కోపం వస్తుంది." చెప్పులు వేసుకుని, చిన్నగా తల ఊపి వెళ్ళిపోయింది.

అన్నయ్య ఆ చలికాలంలో పోయాడు. చివరి రోజుల్లో మింగడం కూడా మర్చిపోయాడు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. ఆసుపత్రిలో ఒక పక్క వదిన, ఒక పక్క ఆమె కూర్చుని ఉండగా, ఎవరినీ పిలవకుండానే వెళ్ళిపోయాడు. డిపో ఆయన వచ్చాడు. టైల్స్ కంపెనీ యజమాని వచ్చాడు. లీగు నుంచి పూలు వచ్చాయి.

అందరూ వెళ్ళిపోయాక వదిన మంచం మీద పరుపు ఎత్తి ఎండలో వేసింది. రూలక్క తాళంచెవి తీసి కిటికీ గట్టు మీద పెట్టింది.

"అదెందుకక్కడ పెట్టావు?" అంది వదిన.

"ఇంక ఎందుకులే అని."

"నీ దగ్గరే ఉండనియ్యి. సాయంత్రాలు నాకు మాత్రం ఎవరున్నారు?"

ఆమె తీసుకుంది. బడి వదిలాక వెళ్ళడం మానలేదు. ఇద్దరూ తిని, కాసేపు టీవీ ముందు కూర్చునేవారు. ఎప్పుడైనా వాలీబాల్ వస్తే వదిన ఛానెల్ మార్చేది. రూలక్క మార్చమనీ అనలేదు, వద్దనీ అనలేదు.